తుపాకీ బరువు తగ్గింది, జవాబుదారీ బరువు తగ్గిందా?

మోసే బరువును తగ్గించుకోవాలని మనిషి ఎప్పుడూ కోరుకుంటాడు. ఇత్తడి బిందె పోయి ప్లాస్టిక్ బిందె వచ్చింది. ఇనుప సైకిలు పోయి చేత్తో ఎత్తగలిగే సైకిలు వచ్చింది. ఇందులో తప్పేమీ లేదు. సృష్టిలోని వస్తువులను తన సౌకర్యానికి మలచుకునే తెలివిని మానవునికి ప్రసాదించినవాడు అల్లాహ్‌యే. అయితే మనం మోసే వస్తువు ప్రాణం తీసే వస్తువయినప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. చేతిలోని బరువు తగ్గితే మన మీది బాధ్యత కూడా తగ్గుతుందా? లేక పెరుగుతుందా?

వేట తుపాకుల విషయంలో ఈ ప్రశ్న నేడు స్పష్టంగా మన ముందుకు వచ్చింది. రైఫిల్ బరువులో పెద్ద వాటా దాని గొట్టానిది. గొట్టం సన్నగా ఉంటే మోయడం తేలికే గాని, నాలుగు గుండ్లు పేలేసరికి అది వేడెక్కి గురి చెదిరిపోతుంది. మందంగా ఉంటే గురి నిలుస్తుంది గాని, కొండలెక్కేవాడి భుజం అరిగిపోతుంది. 1990ల నుంచి అమెరికాలోని తయారీదారులు ఈ చిక్కుకు ఒక ఉపాయం కనిపెట్టారు. ఉక్కు గొట్టాన్ని సన్నగా చెక్కి, దాని చుట్టూ కార్బన్ ఫైబర్ పోగులను జిగురు రసాయనంతో పొరలు పొరలుగా చుట్టి, వేడితో గట్టిపరుస్తారు. గుండును తిప్పుతూ పంపే గాళ్లు లోపలి ఉక్కులోనే ఉంటాయి. వంగకుండా బిగువుగా నిలిపేది పైనున్న పొర. ఈ పదార్థం సాంద్రత ఉక్కు సాంద్రతలో సుమారు ఐదో వంతు మాత్రమే. అందుచేత అంతే మందం గల ఉక్కు గొట్టంతో పోలిస్తే దీని బరువు సగానికి, ఒక్కోసారి అంతకంటే తక్కువకు పడిపోతుంది. యూటా రాష్ట్రంలోని క్రిస్టెన్సెన్ ఆర్మ్స్, మోంటానా రాష్ట్రంలోని ప్రూఫ్ రీసెర్చ్ ఈ పనిలో పేరుపడ్డ సంస్థలు. ఇలాంటి రైఫిళ్లలో కొన్ని టెలిస్కోపు బిగించక ముందు మూడు కిలోల లోపే తూగుతాయి.

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఉన్న మనకు ఈ తుపాకుల గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. నిజమే, ఇవి మన ఊళ్లలో దొరికే వస్తువులు కావు. కానీ మన పిల్లలు ఎందరో చదువు కోసం, ఉద్యోగం కోసం అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. అక్కడ వేట చట్టసమ్మతం. తుపాకీ కొనడం మనవాళ్లకు ఇక్కడున్నంత కష్టం కాదు. ఇక్కడున్న పిల్లలు ఆ వేట దృశ్యాలను సెల్‌ఫోనులో చూస్తూ, చేతిలో ఎయిర్‌గన్ పట్టుకుని చెరువు గట్టున గువ్వల మీద గురి చూస్తున్నారు. తుపాకీ వేరు కావచ్చు, దాని ధర వేరు కావచ్చు. మనసులో కలిగే కోరిక మాత్రం ఒక్కటే. అందువల్ల ఈ ప్రశ్న మనదే.

శ్రమ అనే కంచె

మహబూబ్‌నగర్ పేరులోనే ఒక వేటగాడున్నాడు. పాలమూరుకు 1890లో ఈ పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదుగా వచ్చింది. ఆయన గొప్ప గురికాడు, పులుల వేట అంటే ప్రాణం. ఆయన ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ తీసిన చిత్రాల్లో ఆ వేట శిబిరాలను నేటికీ చూడవచ్చు. నల్లమల కొండల మీది ఫర్హాబాదులోనూ నిజాంల కాలపు వేట విడిది ఉండేది. అప్పటి వేట అంటే ఒక చిన్న దండయాత్ర. ఏనుగులు, గుడారాలు, అడవిని చుట్టుముట్టి కేకలు వేస్తూ జంతువును తోలే వందలాది జనం, రోజుల తరబడి ప్రయాణం, మోయలేనంత బరువైన తుపాకులు.

అదే నల్లమలలో చెంచులు కూడా వేటాడేవారు. జర్మన్, ఆంగ్ల భాషల్లో రచనలు చేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వారి మధ్య నివసించి 1943లో వారి గురించి ఒక గ్రంథం వెలువరించాడు. చెంచుల ఆయుధం విల్లంబులు. విల్లుతో వేటాడేవాడు జంతువుకు కొన్ని పదుల అడుగుల దూరంలోకి వెళ్లాలి. గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. ఆకు చప్పుడు కాకుండా అడుగు వేయాలి. గంటల తరబడి కూర్చున్నా చాలా రోజులు వట్టి చేతులతో తిరిగి రావాలి.

రాజుకు ఆకలి లేదు, చెంచుకు ఆకలి ఉంది. వారి ఉద్దేశాలు వేరు. అయినా ఇద్దరి విషయంలో ఒక మాట సమానం. శ్రమ వారి చేతికి ఒక హద్దు గీసింది. రాజు కూడా రోజూ వేటకు పోలేడు. చెంచు కూడా కనిపించిన ప్రతి జంతువునూ కొట్టలేడు. శ్రమ ఒక కంచెలా అడవికీ మనిషికీ మధ్య నిలబడింది. తుపాకీ తేలికయ్యేకొద్దీ, దాని గుండు దూరం పోయేకొద్దీ ఈ కంచె పడిపోతూ వచ్చింది. మరి దాని స్థానంలో మనిషిని ఆపేది ఏమిటి?

చేతికందే వేట ఒక పరీక్ష

ఈ ప్రశ్నకు దివ్య ఖుర్ఆన్ సమాధానం ఇచ్చింది. మాయిదా సూరాలోని 94వ వాక్యంలో అల్లాహ్ విశ్వాసులను సంబోధిస్తూ, మీ చేతులకూ మీ ఈటెలకూ అందే వేట జంతువుల ద్వారా మిమ్మల్ని తప్పక పరీక్షిస్తానని తెలియజేశాడు. తనను చూడకుండానే తనకు భయపడేవారెవరో తేలడానికే ఈ పరీక్ష అని కూడా స్పష్టం చేశాడు. ఇది హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా ప్రయాణ సందర్భానికి సంబంధించినదని వ్యాఖ్యాతలు కొందరు చెబుతారు. అప్పుడు విశ్వాసులు ఇహ్రామ్ స్థితిలో ఉన్నారు. ఇహ్రామ్‌లో వేట నిషిద్ధం. సరిగ్గా ఆ సమయంలోనే అడవి జంతువులు, పక్షులు మునుపెన్నడూ లేనంత దగ్గరగా వారి గుడారాల మధ్యకు వచ్చాయి.

ఈ వాక్యంలోని సూక్ష్మాన్ని మనం గమనించాలి. అందని జంతువును వదిలిపెట్టడంలో గొప్పతనమేమీ లేదు. అందిన దాన్ని, ఎవరూ చూడని చోట, అల్లాహ్ చూస్తున్నాడన్న ఒకే ఒక్క కారణంతో వదిలిపెట్టడమే దైవభీతి. బనీ ఇస్రాయీలుకూ ఇలాంటి పరీక్షే ఎదురైంది. సబ్బత్ రోజున చేపలు పట్టరాదని వారికి ఆజ్ఞ ఉంది. ఆ రోజే చేపలు నీటి పైకి వచ్చి కనిపించేవి, మిగతా రోజుల్లో వచ్చేవి కావు. ఆరాఫ్ సూరా 163వ వాక్యం ఈ సంగతిని గుర్తు చేస్తుంది. చేపలు సులభంగా దొరకడమే వారికి పరీక్ష అయింది. వారిలో చాలామంది ఆ పరీక్షలో ఓడిపోయారు.

నాటి ఈటె కొద్ది గజాల దూరం పోయేది. నేటి ఈటె ఐదువందల మీటర్ల అవతలికి పోతుంది. పద్నాలుగు వందల ఏళ్లలో మనిషి చేయి అంత పొడవు సాగింది. చేయి సాగిన మేరకు పరీక్ష కూడా సాగింది. మూడు కిలోల రైఫిల్ భుజాన వేసుకుని రోజంతా అలుపు లేకుండా తిరిగేవాడి ముందుకు ఎన్ని ప్రాణులు వస్తాయి! వాటిలో ప్రతి ఒక్కటీ అతనికి ఒక ప్రశ్నాపత్రమే. అంటే బరువు తగ్గిన తుపాకీ బాధ్యతను తగ్గించలేదు, పెంచింది.

దూరాన పడిన జంతువు

ఇక్కడ ఒక న్యాయమైన వాదన ఉంది, దానిని కూడా వినాలి. కొత్త తుపాకులు గురి తప్పవు కదా, జంతువు బాధ పడకుండా వెంటనే చనిపోతుంది కదా అని కొందరంటారు. ప్రాణం తీయవలసి వచ్చినా మేలైన రీతిలో తీయాలని, కత్తికి పదును పెట్టుకుని జంతువు బాధను తగ్గించాలని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఆదేశించారు. ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. మంచి ఆయుధం ఆ ఆదేశాన్ని పాటించడానికి ఉపయోగపడితే అది మంచిదే.

కానీ ఉపయోగపడేది ఎప్పుడు? తేలికైన తుపాకీ పేలినప్పుడు భుజాన్ని ఎక్కువ బలంగా తంతుంది. నిలబడి కాల్చేటప్పుడు బరువైన దానికంటే ఎక్కువగా ఊగుతుంది. ఐదువందల మీటర్ల దూరం చేరడానికి గుండుకు అర సెకనుకు పైనే పడుతుంది. ఆ కొద్ది సమయంలో మేస్తున్న జింక ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు, గుండెకు తగలవలసిన గుండు కడుపులో దిగుతుంది. అది ఎక్కడికో పరుగెత్తి రాత్రంతా విలవిలలాడి చస్తుంది. కాల్చినవాడు మాత్రం గురి తప్పిందనుకుని ఇంటికి వెళ్లిపోతాడు. చెంచు వేటగాడికి తన బాణం ఎక్కడ తగిలిందో కంటికి కనిపించేది, జంతువు కళ్లు కూడా కనిపించేవి. దూరం ఆ రెండింటినీ దాచేసింది.

అదీ బిన్ హాతిమ్ (రజి) వేట గురించి అడిగిన ప్రశ్నలకు దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన సమాధానాలు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నాయి. ఆయుధం పదునుతో చీల్చుకుపోతే తినవచ్చని, అడ్డంగా తగిలి దెబ్బకు చస్తే తినరాదని చెప్పారు. గాయపడి నీటిలో పడి చచ్చిన దానిని తినరాదన్నారు. వేటగాడు కొట్టి ఊరుకోకూడదు, వెంట వెళ్లి వెతకాలి, అది ఎలా చనిపోయిందో తెలుసుకోవాలి అన్న పాఠం ఇందులో ఉంది. తుపాకీ గుండు విషయంలో ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. గుండు పదునుతో కాక దెబ్బ బలంతో చంపుతుంది కాబట్టి, ప్రాణముండగా చేరుకుని జిబహ్ చేస్తేనే ధర్మసమ్మతమని మన దేశపు హనఫీ ధర్మవేత్తలలో చాలామంది చెబుతారు. గుండు చీల్చుకుని పోతుంది కనుక అల్లాహ్ పేరు పలికి కాలిస్తే చాలునని మరికొందరు పండితులంటారు. మొదటి అభిప్రాయాన్ని పాటించేవాడికి ఐదువందల మీటర్ల వేట ఎంత ఇరకాటమో ఆలోచించండి. అతను అక్కడికి చేరేలోగా ప్రాణం పోతే ఆ మాంసం అతనికి పనికిరాదు. అప్పుడు ఆ ప్రాణం దేనికి పోయినట్టు?

ఏ హక్కుతో?

వేట ధర్మసమ్మతమని ఖుర్ఆన్ చెబుతున్నప్పుడు దానిని నిషేధించడానికి మీరెవరు అని ఎవరైనా అడగవచ్చు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన దానిని నిషేధించే అధికారం ఎవరికీ లేదు, మాకూ లేదు. కానీ వేట మాంసం హలాల్ కావడం వేరు, ప్రతి వేటా సమ్మతం కావడం వేరు. ఒక పిచ్చుకను హక్కు లేకుండా చంపినవాడిని కూడా అల్లాహ్ ప్రళయదినాన నిలదీస్తాడని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. దాని హక్కు ఏమిటని అనుచరులు అడిగితే, జిబహ్ చేసి తినడమే గాని తల తెంచి పారేయడం కాదని వివరించారు. ఈ హదీసు నసాయీలో ఉంది. ప్రాణమున్న దానిని గురి కోసం నిలబెట్టేవారిని ఆయన శపించారు. వేట వెంటపడేవాడు ఏమరుపాటులో పడిపోతాడని కూడా చెప్పారు. నమాజు వేళ దాటిపోయేదాకా పొద వెనుక కూర్చునేవాడికి ఈ మాట అర్థం బాగా తెలుస్తుంది.

పిల్లల చేతిలోని ఎయిర్‌గన్ విషయానికి వద్దాం. వేళ్ల మధ్య గులకరాయి పెట్టి విసరడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. అది వేటను పడగొట్టదు, శత్రువును గాయపరచదు, కన్ను పొడుస్తుంది, పన్ను విరుస్తుంది అన్నది ఆయన చెప్పిన కారణం. ఎయిర్‌గన్ గుళిక తగిలి చచ్చిన గువ్వ ఎవరి ఆకలీ తీర్చదు. కన్ను పోయే ప్రమాదం మాత్రం అలాగే ఉంది. పుట్టినరోజు కానుకగా దానిని కొనిచ్చే తండ్రి, కొడుకు చేతికి ఏ అలవాటును ఇస్తున్నాడో ఆలోచించాలి.

చంపినవాడే కాదు, చూపినవాడు కూడా ఈ లెక్కలో ఉన్నాడు. ఇహ్రామ్‌లో లేని అబూ ఖతాదా (రజి) ఒక అడవి గాడిదను వేటాడారు. ఇహ్రామ్‌లో ఉన్న ఆయన సహచరులు కింద పడిన కొరడాను కూడా ఆయనకు అందించలేదు. ఆ మాంసం గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం), మీలో ఎవరైనా దాన్ని వేటాడమన్నారా, దాని వైపు సైగ చేశారా అని విచారించి, లేదని తేలాకే తినమన్నారు. నేడు జీపు నడిపేవాడు, టార్చి లైటు పట్టేవాడు, వీడియో తీసేవాడు, మాంసంలో వాటా అడిగేవాడు తమను తాము ఈ ప్రశ్న వేసుకోవాలి.

ఒకే జింక, రెండు దేశాలు

మాయిదా సూరా మొదటి వాక్యాన్ని చూడండి. అది ఒడంబడికలను నెరవేర్చండి అన్న ఆజ్ఞతో మొదలై, ఇహ్రామ్ స్థితిలో వేటను సమ్మతంగా భావించరాదన్న ఆజ్ఞ దాకా సాగుతుంది. మాట నిలుపుకోవడం, చేతిని నిగ్రహించుకోవడం ఒకే వాక్యంలో చోటుచేసుకున్నాయి. మనం నివసించే దేశపు న్యాయమైన చట్టం కూడా మనం చేసుకున్న ఒడంబడికే. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 నాటి సవరణతో వినోదపు వేటకు తలుపులు పూర్తిగా మూసుకున్నాయి. ఒకనాటి నిజాంల వేట అడవి ఇప్పుడు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. ఇది పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో విస్తరించి ఉంది.

మక్తల్, మాగనూరు ప్రాంతాల చేలల్లో కృష్ణజింకలు గుంపులుగా తిరుగుతాయి. ఆ జింకను చంపితే మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. అదే కృష్ణజింకను 1932లో అమెరికాలోని టెక్సాస్‌కు తీసుకువెళ్లి వదిలారు. అక్కడ అది ప్రైవేటు క్షేత్రాల్లో పెరిగి, డబ్బు కట్టినవారికి వేట జంతువయింది. పాలమూరు నుంచి టెక్సాస్ వెళ్లిన యువకునికి ఇక్కడ నేరమైనది అక్కడ నేరం కాదు. అమెరికాలో 1937 నాటి చట్టం ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వసూలు చేసి వన్యప్రాణుల పరిరక్షణకు ఖర్చు చేస్తారు. అక్కడి వేట అంతా అడవిని నాశనం చేసేదేనని మనం నిందించలేము.

అయితే చట్టం ఊరుకున్న చోట అంతరాత్మ ఊరుకోవాలా? ఆ యువకుడు అనుమతి పత్రం తీసుకుని, అల్లాహ్ పేరు పలికి, నిబంధనలన్నీ పాటించి, తన కుటుంబంతో, పొరుగువారితో కలిసి ఆ మాంసం తింటే అతన్ని ఎవరూ తప్పుపట్టరు. కొమ్ములను గోడకు తగిలించుకుని మిగతాది పారేయడానికే ఆ ప్రాణం తీస్తే మాత్రం, టెక్సాస్ చట్టం అతన్ని వదిలినా పిచ్చుక ప్రశ్న అతన్ని వదలదు.

రైతు కన్నీరు

ఈ మాటలన్నీ పొలం కాపలా కాసే రైతుకు కోపం తెప్పించవచ్చు. వేరుశనగను ఒక్క రాత్రిలో అడవిపందులు తవ్విపోస్తే, మొలకెత్తిన చేనును జింకలు మేసిపోతే ఆ నష్టం చిన్నది కాదు. అప్పు చేసి విత్తినవాడికి దయ గురించి ఉపన్యాసం ఇవ్వడం సులభం. ఇస్లాం అతని బాధను కాదనలేదు. హాని చేసే కొన్ని ప్రాణులను ఇహ్రామ్‌లో కూడా చంపవచ్చని దైవప్రవక్త (సఅసం) అనుమతించారు. మన చట్టంలోని 11వ సెక్షను కూడా పంటకు ముప్పు తెచ్చే కొన్ని జంతువులను అధికారుల అనుమతితో చంపించడానికి వీలు కల్పిస్తుంది. అలాంటి బాధ్యత అప్పగించబడినవాడు కొండల్లో తిరగడానికి తేలికైన, గురి తప్పని తుపాకీని కోరుకుంటే అది సబబైన కోరికే. కృష్ణజింక వంటి మొదటి షెడ్యూలు జంతువులకు మాత్రం పంట నష్టం పేరిట ఈ సడలింపు లేదు. ఆ నష్టాన్ని ఒక్క రైతు నెత్తిన వేయకుండా పరిహారం సకాలంలో అందించడం ప్రభుత్వం బాధ్యత, అడిగి ఇప్పించడం మనందరి బాధ్యత. జింక బతకాలని కోరుకునే మనం దాని మేతకు మూల్యం చెల్లించకుండా ఉండటం న్యాయం కాదు.

కానీ చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ కట్టడం వేరే సంగతి. దానికి గురి లేదు, ఉద్దేశం లేదు, వచ్చింది పందా, ఆవా, పొరుగు రైతు కొడుకా అన్న విచక్షణ లేదు. దానిని మోయనక్కరలేదు, పేల్చనక్కరలేదు, కాపలా ఉండనక్కరలేదు. అన్నిటికంటే తేలికైన ఆయుధం అదే. అందుకే అన్నిటికంటే బరువైన పాపం దాని దగ్గరే పొంచి ఉంది. హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్నది మన ధర్మసూత్రం.

సోదరులారా! ఆయుధాలు ఇంకా తేలికవుతాయి, ఇంకా దూరం పోతాయి. వాటిని తయారు చేసేవారిని మనం ఆపలేము, ఆపవలసిన పని కూడా లేదు. మన చేతిలో ఉన్నది ఒక్కటే. ట్రిగ్గరు మీద వేలు పెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ ప్రాణం తీయవలసిన అవసరం నిజంగా ఉందా? నేను ఇచ్చిన మాటకు, నా దేశపు చట్టానికి ఇది లోబడి ఉందా? రేపు అల్లాహ్ ఈ ప్రాణం గురించి అడిగితే చెప్పడానికి నా దగ్గర సమాధానం ఉందా? ఈ మూడింటికీ అవునని చెప్పలేనివాడు తుపాకీ దించడమే మేలు. దించిన తుపాకీ ఎంత బరువున్నా భుజానికి నొప్పి కలగదు.

చేతికి అందిన దానిని కూడా తన కోసం వదులుకోగల దైవభీతిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.